మధ్యాహ్నం మసి, తెల్లవారుజామున పొగ: విశాఖ పాతనగరంలో ఒక కాలనీ కేసు

ఫిర్యాదు చిన్నదే. విశాఖ పోర్టుకు ఉత్తరం వైపున, జ్ఞానాపురం దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్లు రెండు మాటలు రాసిచ్చారు. ఒకటి, డాబాల మీద, గ్రిల్స్ మీద, ఆరేసిన బట్టల మీద నల్లటి మసి పడుతోంది. రెండు, చలికాలం తెల్లవారుజామున పిల్లలకూ పెద్దవాళ్లకూ దగ్గు, ఆయాసం. ఈ రెండింటికీ కారణం ఒక్కటే, దగ్గర్లోని బొగ్గు యార్డు అని వాళ్ల నమ్మకం. యార్డు వాళ్ల దగ్గర ఇంకో కాగితం ఉంది: మధ్యాహ్నం పూట పీఎం 10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము రేణువులు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రీడింగులు ప్రమాణం లోపలే ఉన్నాయని. ఇరుపక్షాలూ ఒప్పుకున్నాక కొలతల పని నాకు వచ్చింది. సంక్రాంతికి ముందు మొదలుపెట్టి మార్చి నెలాఖరు దాకా చూశాం.

కొలతలు చూశాక తేలింది ఏమిటంటే, వీళ్లవి రెండు వేరు వేరు సమస్యలు. మూలాలు వేరు, గంటలు వేరు, గాలి దిక్కు వేరు. రెండింటినీ కలిపి ఒకే ఫిర్యాదు రాయడం వల్లే ఏళ్ల తరబడి ఏదీ తేలలేదు.

ముందు ఊరి స్వరూపం చెప్పాలి. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండలు. దక్షిణాన యారాడ కొండ, దాని ముక్కు డాల్ఫిన్స్ నోస్. మధ్యలో పల్లంలో ఇన్నర్ హార్బరు, రిఫైనరీ, రైల్వే యార్డులు, ఎయిర్‌పోర్టు, పాతనగరం. ఒక పక్క సముద్రానికి తెరుచుకున్న గిన్నె ఇది. గాలి బాగా వీచినంతసేపు ఫర్వాలేదు. గాలి ఆగి, పైన మూత పడితే లోపల ఉన్నది లోపలే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలు 43 అని తేల్చినప్పుడు విశాఖ ఆ జాబితాలో ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలోనూ ఉంది. ఫ్యాక్టరీలు ఎక్కువ కాబట్టి అంటారు అందరూ. నిజమే, కానీ ఇవే ఫ్యాక్టరీలు గాలి బాగా ఆడే మైదానంలో ఉంటే లెక్క ఇంకోలా ఉండేది.

ఇక కేసులోకి వద్దాం.

మొదట మసి సంగతి. నాలుగు డాబాల పిట్టగోడల మీద తెల్లటి గ్లేజ్డ్ టైల్స్ పెట్టించాం. ఇంత చవకైన పరికరం ఇంకోటి లేదు. పొద్దున్న తుడిచి పెడతాం, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మళ్లీ మర్నాడు పొద్దున్న ఒకసారి సెల్లోటేపుతో అచ్చు తీస్తాం. ఆ టేపును మైక్రోస్కోపు కింద పెడితే విషయం దాదాపు తేలిపోయింది. మధ్యాహ్నం, సాయంత్రం అచ్చుల్లో కోణాలు తేలి, అంచులు పదునుగా, గాజు పెంకులా మెరిసే నల్లటి ముక్కలు. చాలావరకు 30 నుంచి 80 మైక్రాన్లు. పొగ నుంచి వచ్చిన మసి అలా ఉండదు, అది గుత్తులు గుత్తులుగా, మెరుపు లేకుండా ఉంటుంది. అయస్కాంతం ఆనిస్తే కొన్ని రవ్వలు అంటుకున్నాయి, అవి ఇనుప పొట్టు. నల్ల ముక్కలు అంటుకోలేదు. రాత్రి అచ్చుల్లో ఈ నల్ల ముక్కలు బాగా తక్కువ. అంటే రాత్రి బొగ్గు దాదాపు పడట్లేదు.

మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ రోజూ మా మానిటర్ దగ్గరికొచ్చి స్క్రీన్ చూసేవారు. ఆవిడ ఆరబెట్టిన వడియాల మీద నల్లటి చుక్కలు. స్క్రీన్ మీద మాత్రం పీఎం 10 మామూలుగా ఉంది. "ఏటి బాబూ, మీ మిషన్‌కి ఈ మసి కనపడదేటి?" అన్నారు. కనపడదు. ఈ కేసు మొత్తానికి కీలకమైన ప్రశ్న ఆవిడే అడిగారు. పీఎం 10 యంత్రం తలకాయలోనే 10 మైక్రాన్లకు మించిన రేణువులను పక్కకు తప్పించే ఏర్పాటు ఉంటుంది. 50 మైక్రాన్ల బొగ్గు ముక్క లోపలికే రాదు. 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలు ఉన్నాయి గానీ, రాలే దుమ్ముకు పరిమితి అంటూ అందులో లేదు. కాబట్టి యార్డు వాళ్లు చూపించిన కాగితం అబద్ధం కాదు, ఆవిడ వడియాలూ అబద్ధం కాదు.

ఆ ముక్క ఎంత దూరం వస్తుందో లెక్క కట్టొచ్చు. 50 మైక్రాన్ల బొగ్గు రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 10 మీటర్ల ఎత్తున్న కుప్ప మీద నుంచి లేస్తే నేల చేరడానికి 100 సెకన్లు. గాలి సెకనుకు 6 మీటర్లు వీస్తుంటే ఈలోపు 600 మీటర్లు ప్రయాణిస్తుంది. కొంచెం పైకి ఎగిరితే కిలోమీటరు దాటుతుంది. కాలనీకీ యార్డుకీ మధ్య దూరం సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది. అదే 2.5 మైక్రాన్ల రేణువైతే 10 మీటర్లు దిగడానికి 10 గంటలు పడుతుంది. అది ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు. పక్క వీధి నుంచి కావచ్చు, పక్క రాష్ట్రం నుంచీ కావచ్చు.

ఇప్పుడు గాలి. డాబా మీద చిన్న మాస్టు నిలబెట్టి గాలి వేగం, దిక్కు రాశాం. వాటర్ ట్యాంకు చాటునో, చెట్టు కిందో అనిమోమీటరు (గాలి వేగం కొలిచే పరికరం) పెట్టి "గాలి లేదు" అని రాసుకునే రిపోర్టులు నేను చాలా చూశాను. అందుకే ట్యాంకు కన్నా ఎత్తుకు లేపాం. జనవరిలో పగటి గాలి ఎక్కువగా తూర్పు, ఆగ్నేయం నుంచి వచ్చింది, టైల్స్ మీద మసి తక్కువ. ఫిబ్రవరి రాగానే మధ్యాహ్నపు సముద్రపు గాలి దక్షిణం, నైరుతిల నుంచి రావడం మొదలైంది. అంటే నేరుగా యార్డు మీదుగా కాలనీకి. టైల్స్ నల్లబడ్డాయి.

సముద్రపు గాలికి ఒక టైమ్ టేబుల్ ఉంటుంది. ఎండకు నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. విశాఖలో చలికాలం చివర ఇది ఉదయం 10, 11 గంటలకు మొదలై, 2 నుంచి 4 మధ్య బలంగా ఉండి, సాయంత్రం 7, 8 అయ్యేసరికి తగ్గిపోతుంది. ఎండిన సన్న బొగ్గు రేగాలంటే గాలి సెకనుకు 5 మీటర్లు దాటాలి, అటూ ఇటూగా. ఆ గడప దాటాక వేగం కొంచెం పెరిగినా రేగే దుమ్ము దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. అందుకే సగటు గాలి వేగం ఈ సమస్యలో ఎందుకూ పనికిరాదు. రోజుకు మూడు గంటల బలమైన గాలి చాలు, డాబా నల్లబడటానికి.

యార్డులో నీళ్లు చల్లుతున్నారు. నిజంగానే చల్లుతున్నారు, ట్యాంకర్ల బిల్లులూ చూపించారు. కానీ చల్లేది పొద్దున్న 6 గంటలకు, షిఫ్టు మారేటప్పుడు. 11 అయ్యేసరికి పైపొర ఎండిపోతుంది. అప్పుడే సముద్రపు గాలి లేస్తుంది. సాయంత్రం చల్లేది 6 దాటాక. అప్పటికి గాలి పడిపోతూ ఉంటుంది. నీళ్లకు పెట్టిన ఖర్చంతా గాలి లేని గంటలకే పోతోంది. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, గంట మారిస్తే చాలు అని రాసిచ్చాం: ఉదయం పదిన్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, డాబా మాస్టు మీద వేగం 5 దాటితే కుప్పల మీద లోడర్ల పని ఆపి మళ్లీ ఒకసారి. కాలనీ పెద్దలు ఇంకో మాట చెప్పారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు ఆ వైపు చెట్లు కూలిపోయాక మసి ఎక్కువైందని. కొలతలు లేవు కాబట్టి రిపోర్టులో రాయలేదు. కానీ చెట్ల వరుస గాలి వేగాన్ని తగ్గిస్తుంది, పెద్ద రేణువులను పట్టుకుంటుంది. వాళ్లు చెప్పింది నమ్మదగ్గ మాటే.

మసి కథ ఇక్కడికి సరిపోతుంది. ఆయాసం కథ వేరు, అది ఇంత సులువుగా లేదు.

పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే 2.5 మైక్రాన్ల లోపు రేణువుల గ్రాఫు రోజూ ఒకటే ఆకారంలో వచ్చేది. సాయంత్రం 7 దాటాక మెల్లగా పైకి. అర్ధరాత్రి దాటాక కొంచెం నిలకడ. తెల్లవారుజామున మళ్లీ పైకి, 8, 9 గంటల మధ్య శిఖరం. 11 కల్లా పడిపోయి, మధ్యాహ్నం, అంటే వడియాల మీద మసి పడే వేళకు, రోజు మొత్తంలోకీ అతి తక్కువ. కంటికి గాలి అతి మురికిగా కనిపించే గంట ఊపిరితిత్తులకు అన్నిటికంటే తేలికైన గంట. కాలనీ వాళ్లను ఇది నమ్మించడానికి నాకు చాలా సేపు పట్టింది. కొంతమంది ఇప్పటికీ నమ్మలేదనుకుంటా.

ట్రాఫిక్ పగలే ఎక్కువ. ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ ఒకేలా నడుస్తాయి. మరి రాత్రి ఎందుకు పెరుగుతుంది? మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. పొడి గాలి కిలోమీటరుకు 9.8 డిగ్రీల లెక్కన చల్లబడుతూ పైకి లేవగలదు. చలికాలం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లారిపోతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లారుతుంది, పైన మాత్రం వెచ్చగా ఉంటుంది. తలకిందులైన ఈ ఏర్పాటునే ఇన్వర్షన్ అంటారు. కింది గాలి బరువుగా ఉండిపోతుంది, పైకి లేవదు. మొదట చెప్పిన మూత ఇదే. దీనికి తోడు చుట్టూ కొండల వాలుల మీద నుంచి చల్లటి గాలి జారి పల్లంలో చేరుతుంది. నేల గాలి పడమర, వాయవ్యం నుంచి సముద్రం వైపు పాకుతుంది గానీ, దాని వేగం సెకనుకు ఒక మీటరు కూడా ఉండదు చాలా రాత్రుల్లో. వచ్చేటప్పుడు ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం, హైవే లారీల పొగను మోసుకొస్తుంది.

మూత ఎంత ఎత్తులో ఉందో ఊహించాల్సిన పని లేదు. వాతావరణ శాఖ విశాఖలో రోజూ రెండుసార్లు, తెల్లవారుజామున 5:30కి, సాయంత్రం 5:30కి రేడియోసాండ్ బెలూన్ (పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపే పరికరం ఉన్న బెలూన్) వదులుతుంది. ఆ డేటా ఎవరైనా చూసుకోవచ్చు. పొద్దుటి బెలూన్‌లో ఉష్ణోగ్రత గీత నేల దగ్గర కుడివైపుకు వాలితే ఆ రోజు మన గ్రాఫులో శిఖరం ఖాయం. బెలూన్ కూడా అక్కర్లేదనుకుంటే జనవరిలో పొద్దున్న ఏడింటికి సింహాచలం మెట్ల మీద నుంచి కిందికి చూడండి. గోపాలపట్నం మీద బూడిదరంగు పొర పరిచినట్టు ఉంటుంది. దాని పైఅంచు స్కేలు పెట్టి గీసినట్టు సమంగా ఉంటుంది. ఆ అంచే మూత.

పొగ కలిసే పొర ఎత్తును గాలి వేగంతో గుణిస్తే వచ్చే అంకె వెంటిలేషన్ గుణకం. ఒక ఉదాహరణ: పగలు 800 మీటర్ల పొర, సెకనుకు 4 మీటర్ల గాలి అయితే 3200. రాత్రి 100 మీటర్ల పొర, 1 మీటరు గాలి అయితే 100. అదే పొగ, 32వ వంతు చోటులో. ఢిల్లీ బులెటిన్లలో ఈ గుణకం 6000 కంటే, గాలి గంటకు 10 కిలోమీటర్ల కంటే తగ్గితే పొగ చెదిరే పరిస్థితి లేదంటారు. ఆ 6000ను తెచ్చి తీరప్రాంతానికి అంటించే రిపోర్టులు ఈమధ్య కనబడుతున్నాయి. అది సరికాదు. సముద్రం మీది గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది కాబట్టి ఒడ్డుకు దగ్గర్లో కలిసే పొర పగలు కూడా తక్కువ ఎత్తే. కానీ వచ్చేది సముద్రం మీది శుభ్రమైన గాలి, అదీ ఆగకుండా. ఢిల్లీ పద్ధతిలో చూస్తే విశాఖ మధ్యాహ్నం కూడా చెడ్డగానే కనిపిస్తుంది, నిజానికి కాదు.

శిఖరం తెల్లవారుజామున నాలుగింటికి కాకుండా 8, 9 మధ్య ఎందుకు వస్తుందన్నది ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం. స్కూలు బస్సుల టైమ్ కదా, ట్రాఫిక్ అనేశారు అందరూ. ట్రాఫిక్ వాటా ఉంది. కానీ మా పక్కనే ఉన్న సల్ఫర్ డయాక్సైడ్ మీటరు కూడా కొన్ని రోజుల్లో అదే సమయానికి ఎగిరింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 ఇంధనమే, అందులో గంధకం పది లక్షల భాగాల్లో 10 మించదు. బస్సులూ ఆటోలూ అంత సల్ఫర్ డయాక్సైడ్ ఇవ్వలేవు. అది పొడవాటి చిమ్నీల పొగ. రాత్రంతా అది మూతకు పైన, మనకు తగలకుండా, పల్చటి పట్టీలా సాగుతూ ఉంటుంది. ఎండెక్కాక నేల నుంచి వేడి లేచి మూతను కింది నుంచి కరిగించుకుంటూ పోతుంది. కరుగుతున్న పొర ఆ పట్టీ ఎత్తుకు చేరగానే పైనున్న పొగంతా ఒక్కసారి కిందికి కలుస్తుంది. అరగంట, గంట. ఆ తర్వాత పొర ఇంకా ఎత్తుకు పోయి అంతా పలచబడిపోతుంది. పిల్లలు బస్సు కోసం వీధి చివర నిలబడే సమయం సరిగ్గా అదే.

బయటి నుంచి వచ్చిన వాటానూ విడదీయాలి. చలికాలంలో గంగా మైదానం మీది పొగమబ్బు వాయవ్య గాలులతో బంగాళాఖాతం మీదికి దిగి, తీరం పొడవునా పరుచుకునే రోజులుంటాయి. అలాంటి రోజున మధ్యాహ్నం కూడా పీఎం 2.5 పూర్తిగా దిగదు. గుర్తుపట్టడం కష్టం కాదు: రాజమహేంద్రవరం స్టేషన్ గ్రాఫు పక్కన పెట్టి చూస్తే అక్కడా అదే రోజు పెరిగి ఉంటుంది. గాలి వెనక్కి ఎటు నుంచి వచ్చిందో హైస్‌ప్లిట్ అనే కంప్యూటర్ మోడల్లో గీసుకుంటే ఇంకా స్పష్టం. అలాంటి రోజులను పక్కన పెట్టాకే లోకల్ లెక్క వేశాం. ఆ పని చేయకుండా ఏ యార్డునూ, ఏ ఫ్యాక్టరీనీ వేలెత్తి చూపకూడదు. వదిలేయనూ కూడదు.

తేమ గురించి ఒక హెచ్చరిక. కాలనీలో ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో కొన్న చిన్న సెన్సార్ పెట్టి రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టేవాడు. అందరికీ టెన్షన్. లేజర్ వెలుగు చెదరడాన్ని బట్టి లెక్కించే ఈ సెన్సార్లకు తేమ 80 శాతం దాటితే రేణువు ఏదో నీటి బొట్టు ఏదో తెలియదు. మన తీరంలో గాలిలో ఉప్పు ఉంటుంది, అది 75 శాతం తేమ దగ్గరే నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ అంకెలు పెద్దవిగా వస్తాయి. కుర్రాణ్ణి సెన్సార్ తీసేయమనలేదు. మా బీటా మానిటర్ (ఫిల్టరు మీద చేరిన దుమ్ము బరువును బీటా కిరణాలతో కొలిచే యంత్రం) పక్కన కొన్నాళ్లు పెట్టించి, తేమను బట్టి ఎంత తగ్గించాలో చెప్పాం. ఇప్పుడు దాన్ని దిక్సూచిలా వాడుకుంటున్నారు, అంకె కోసం కాదు.

భోగి రోజు డేటా విడిగా చెప్పాలి. మనవాళ్లు దీపావళి కాలుష్యం గురించి మాట్లాడతారు గానీ, వాతావరణం లెక్కన భోగి మంట పడే ముహూర్తం అంతకంటే చెడ్డది. తెల్లవారుజామున 4, 5 గంటలు, జనవరి మధ్య, మూత అతి కిందికి దిగి ఉన్న వేళ. 2018 జనవరిలో భోగి పొగ వల్ల చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాలు దిగలేక దారి మళ్లాయి, చెన్నై కూడా సముద్రం ఒడ్డునే ఉంది. కాలనీలో ఆ రోజు పీఎం 2.5 మేం చూసిన కాలం మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ. మంటలో పిడకలూ కట్టెలే ఉంటే ఒక లెక్క, పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే ఇంకో లెక్క. పండగ మానుకోమని చెప్పడానికి నేనెవర్ని? టైర్లు మాత్రం వద్దని చెప్పాం, ఒక వీధికి ఒక మంట చాలదా అని అడిగాం.

రాత్రి గాలి ఎంత ప్రమాదమో విశాఖకు వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. నిద్రలో ఉన్న ఊరు, కదలని గాలి, నేలను అంటిపెట్టుకున్న ఆవిరి. లీకు మధ్యాహ్నం జరిగి ఉంటే సముద్రపు గాలి దాన్ని పలచబరుస్తూ వేరే ఊళ్ల వైపు తీసుకెళ్లేది. నష్టం ఉండేది కాదని అనను, కానీ ఆ ఆకారంలో ఉండేది కాదు. ఫ్యాక్టరీల ఎమర్జెన్సీ ప్లాన్లలో గాలి దిక్కు రాస్తారు, గంట రాయరు. ఈ కేసుతో నేరుగా సంబంధం లేకపోయినా రిపోర్టు చివర ఈ మాట చేర్చాను.

రిపోర్టు ఇచ్చాక ఏం జరిగిందంటే, యార్డు వాళ్లు నీళ్ల టైమ్ మార్చారు. కొత్త ఖర్చు లేదు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. మార్చి రెండో సగంలో సాయంత్రం టైల్స్ అచ్చుల్లో నల్ల ముక్కలు కంటికి తెలిసేంత తగ్గాయి. గాలి బలంగా ఉన్న రోజుల్లో మాత్రం పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే వేగం 5 దాటినప్పుడు లోడింగ్ ఆపడానికి వాళ్లు ఒప్పుకోలేదు. ఓడ బెర్తు మీద ఉంటే గంట గంటకీ డబ్బు, వాళ్ల బాధ అర్థమయ్యేదే. చుట్టూ గాలి తెర, కన్వేయర్ మీద కప్పు అడిగాం. చర్చల్లో ఉంది.

పొగ సంగతికి అంత సులువైన తలుపు ఏదీ లేదు. యార్డు మొత్తం మూసేసినా తెల్లవారుజామున పీఎం 2.5 గ్రాఫు పెద్దగా కదలదని రాస్తే కాలనీ సంఘం సెక్రటరీకి కోపం వచ్చింది. "మీరు వాళ్ల తరఫున మాట్లాడుతున్నారు సార్" అన్నారు. రాత్రి అచ్చులూ, సల్ఫర్ డయాక్సైడ్ గ్రాఫూ, బెలూన్ గీతలూ పక్కపక్కన పెట్టి చూపించాక కొంచెం మెత్తబడ్డారు. వాళ్ల చేతిలో ఉన్నవి మూడు పనులు అనుకున్నాం. వీధి ఊడ్చి చెత్త అంటించడం తెల్లవారుజామున ఆపించడం మొదటిది. ఊడ్పును సముద్రపు గాలి మొదలయ్యాక పెట్టించమని అడిగాం గానీ, కార్మికులకు ఎండ కష్టం కాబట్టి చెత్త తగలబెట్టకపోతే చాలని సర్దుకున్నాం. పెద్దవాళ్ల నడక పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం ఐదింటికి మార్చుకోవడం రెండోది. దగ్గు వదలనివాళ్లలో కొందరు మార్చుకున్నారు. మూడోది, బస్సు పాయింటును హైవే మూల నుంచి లోపలి వీధికి జరపమని స్కూలు వాళ్లకు ఉత్తరం. దానికి జవాబు ఇంకా రాలేదు.

చిమ్నీల పొగ, లారీల పొగ కాలనీ తేల్చేవి కావు. వాటి గురించి కాలుష్య నియంత్రణ మండలికి పంపిన కాగితంలో ఒక్కటే అడిగాం: 24 గంటల సగటుతో పాటు గంటవారీ రీడింగులను గాలి దిక్కుతో, పొద్దుటి బెలూన్‌తో కలిపి చూడమని. పీఎం 2.5కు 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి ఆ సగటును ఎప్పటికప్పుడు కడిగేస్తుంది కాబట్టి, పొద్దున్న ఎనిమిదిన్నరకు ఈ వీధిలో ఏం పీలుస్తున్నారో ఆ ఒక్క అంకెలో కనపడదు.